టరాంటులా కుబుసం చూడటానికి కొన్న యూఎస్‌బీ మైక్రోస్కోప్: ఏడాది వాడాక

ఇది అసలు నాణేలు, సర్క్యూట్ బోర్డులు చూసుకునేవాళ్ల కోసం చేసిన మైక్రోస్కోప్. నేను కొన్నది మాత్రం నా టరాంటులాలు, అంటే నేను పెంచుకునే పెద్ద సాలీళ్లు, ఆడవో మగవో తేల్చుకోవడానికి. ఏడాదిలో రెండు సాలీళ్లవి కలిపి ఐదు కుబుసాలు దీని కింద పెట్టి చూశాను. టరాంటులా పెంచేవాళ్లెవరైనా అడిగితే కొనుక్కోమనే చెప్తాను. ఇబ్బందులు కూడా ఉన్నాయి, అవి కిందకి వచ్చాక.

ముందు దీని అవసరం ఎలా పడిందో చెప్పాలి. నా మొదటి టరాంటులా మెక్సికన్ రెడ్ నీ. అమ్మినతను ఆడదన్నాడు, నమ్మాను. రెండేళ్లు హాయిగా ఉంది, వేసింది తినేది, ఎక్కువసేపు ఒకే చోట కూర్చునేది. తర్వాత ఒకసారి కుబుసం విడిచాక మొత్తం మారిపోయింది. కాళ్లు పొడవైనట్టు, ఒళ్లు చిక్కినట్టు కనిపించింది, తిండి మానేసింది, రాత్రంతా గోడల వెంట తిరుగుతూనే ఉంది. ట్యాంకులో ఏదో పడట్లేదని టెన్షన్ పట్టుకుంది నాకు. మట్టి తడిగా ఉందేమోనని మొత్తం తీసి పొడిది వేశాను, దాక్కునే చెక్క మార్చాను, చలేస్తోందేమోనని హీట్ మ్యాట్ పెట్టాను, అది నచ్చలేదేమోనని మళ్లీ తీసేశాను, ఇలా మార్చిన ప్రతిసారీ దాన్ని కప్పుతో తరిమి పట్టాల్సి వచ్చేది. ఒక రోజు చిన్న దుప్పటిలా గూడు పరిస్తే మళ్లీ కుబుసం విడవబోతోందనుకున్నాను. అది స్పెర్మ్ వెబ్, మగ సాలీడు వీర్యాన్ని నోటి పక్కనున్న చిన్న కాళ్లలాంటి పాల్ప్స్‌లోకి నింపుకోవడానికి అల్లుకునేది. ఆ తర్వాత దగ్గరగా చూస్తే పాల్ప్స్ చివర్లు బాక్సింగ్ గ్లోవ్స్‌లా ఉబ్బి ఉన్నాయి, ముందు కాళ్ల కింద కొక్కేలు ఉన్నాయి. ట్యాంకులో ఏ తప్పూ లేదు. వాడు పెద్దవాడయ్యాడు, ఆడదాన్ని వెతుక్కుంటున్నాడు, అంతే.

ఆ జాతిలో ఆడవి ఇరవై ఏళ్లు దాటి బతుకుతాయి. మగవాటికి చివరి కుబుసం తర్వాత మిగిలేది కొన్ని నెలలు, మహా అయితే ఏడాదీ రెండేళ్లూ. వాడు ఎనిమిది నెలలు బతికాడు, అందులో రెండు నెలలు నేను వాణ్ని ప్రశాంతంగా ఉండనివ్వలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అంతకు ముందు విడిచిన కుబుసాలు ఏ ఒక్కటి చూసినా సంగతి తెలిసేది, నేను అన్నీ చెత్తబుట్టలో వేశాను.

ఇక ఈ మైక్రోస్కోప్‌తో చూడటం ఎలాగంటే. కుబుసంలో కావాల్సింది పొట్ట భాగం, ఎప్పుడూ నలిగి ఉండలా ఉంటుంది. ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లలో కాసేపు నానబెడితే మెత్తబడుతుంది, అప్పుడు సన్నటి బ్రష్‌తో, పిన్నుతో నెమ్మదిగా విప్పాలి. లోపలి వైపు నాలుగు తెల్లటి మచ్చలు కనిపిస్తాయి, అవి ఊపిరి తీసుకునే బుక్ లంగ్స్. ముందు రెండింటి మధ్య అడ్డంగా ఉన్న గీత దగ్గర చూడాలి. ఆడదైతే అక్కడ స్పెర్మథీకా ఉంటుంది, అంటే వీర్యం దాచుకునే సంచి. దీని ఆకారం అన్నిట్లో ఒకేలా ఉండదు. రెడ్ నీ లాంటి బ్రాకిపెల్మా రకం టరాంటులాల్లో వెడల్పాటి ఒకే పొరలా, గ్రామోస్టోలా అనే ఇంకో రకంలో విడివిడిగా రెండు బొడిపెల్లా ఉంటుంది. అందుకే మీ జాతి ఫొటో పక్కన పెట్టుకుని పోల్చండి. మగవాటిలో కూడా ఒక్కోసారి అక్కడ చిన్న ఉబ్బులాంటిది కనిపించి మోసం చేస్తుంది. పిన్ను మొనతో మెల్లగా కదిపి చూడండి, ఆడదైతే పొర విడిగా పైకి లేస్తుంది.

నా కర్లీ హెయిర్ టరాంటులా కుబుసం చూసినప్పుడు ఆ పొర స్క్రీన్ మీద స్పష్టంగా లేవడం చూశాను. ఆడది. ఆ క్షణం కలిగిన సంతోషం మాటల్లో పెట్టలేను, ఇంకా చాలా ఏళ్లు నాతో ఉంటుందని అప్పుడు తెలిసింది.

ముందు ఫోన్ కెమెరాతోనే చేద్దామని చూశాను. పెద్ద సాలీళ్లకైతే ఒక మంచి భూతద్దం కూడా చాలు, దానికి ఇది కొనక్కర్లేదు. కాళ్లతో కలిపి ఏడెనిమిది సెంటీమీటర్లలోపు పిల్లలకే ఇది నిజంగా పనికొస్తుంది. మరీ చిన్నవాటికి ఇదీ చాలదు. నా జీబీబీ (గ్రీన్ బాటిల్ బ్లూ టరాంటులా) పిల్ల మొదటి రెండు కుబుసాల్లో నాకేమీ తేలలేదు, ఊహించి చెప్పడం కంటే ఆగడమే మేలు. కొంతమంది సాలీడు అద్దం ఎక్కినప్పుడు కింద నుంచి ఫొటో తీసి చెప్తుంటారు. మగవాటికి ఆ గీత పైన అదనంగా పట్టు తీసే చిన్న తూములు ఉంటాయి, అక్కడ వెంట్రుకలు ముద్దగా నల్లగా కనిపిస్తాయి. అలవాటైన కళ్లకు అది బాగానే తెలుస్తుంది, నాకు మాత్రం రెండు సార్లు తప్పింది. కుబుసంలో ఉన్న సుఖమేంటంటే ఎన్నిసార్లు తిప్పి చూసినా సాలీడుకి ఏమీ కాదు, దాన్ని ముట్టుకునే పనే లేదు.

ఇబ్బందులకు వస్తే, పెట్టె మీద 1000 రెట్లు అని రాశారు, నమ్మకండి. అసలు ఈ పనికి 20 నుంచి 40 రెట్లు చాలు. స్టాండ్ ఘోరం, ఫోకస్ చక్రం తిప్పితే చాలు మొత్తం ఊగుతుంది, నేను కింద బరువైన పలక అతికించాక కానీ నిలబడలేదు. చుట్టూ ఉన్న ఎల్‌ఈడీలు తడి కుబుసం మీద మెరిసి ఏమీ కనపడనివ్వవు. వాటిని తగ్గించి, కుబుసాన్ని గాజు పలక మీద పరిచి కింద ఫోన్ తెల్ల స్క్రీన్ పెడితే స్పెర్మథీకా ముదురు రంగులో విడిగా తేలుతుంది. ఇదొక్కటి ముందే తెలిస్తే నాకు మొదటి వారం వృథా అయ్యేది కాదు. ఫొటో క్వాలిటీ పర్వాలేదు, తేదీ రాసి దాచుకోవడానికి సరిపోతుంది.

గ్లోవ్స్ మర్చిపోవద్దు. రెడ్ నీ, కర్లీ హెయిర్, జీబీబీ ఇవన్నీ పొట్ట మీద దురద వెంట్రుకలు ఉన్న జాతులు, ఆ వెంట్రుకలు కుబుసం మీద కూడా ఉంటాయి. ఆ చేతులతో కళ్లు అస్సలు రుద్దకండి.

ఇంకొక మాట, కుబుసం కోసం తొందరపడొద్దు. వెల్లకిలా పడుకుని విడుస్తున్నప్పుడు ట్యాంకు కదపకూడదు, నీళ్లు చల్లకూడదు, చచ్చిపోయిందని తిరగేయకూడదు. అయిపోయాక కూడా కోరలు తెల్లగా మెత్తగా ఉంటాయి, నల్లబడేదాకా తిండి వేయొద్దు, బతికున్న పురుగు వేస్తే అదే సాలీణ్ని కొరుకుతుంది. నేను కుబుసాన్ని పొడవాటి ఫోర్సెప్స్‌తో మర్నాడు తీస్తాను, సాలీడు దాని మీదే కూర్చుని ఉంటే అదీ మానేస్తాను.

మిగతా సౌకర్యం గురించి నేను చేసేది తక్కువే, అదే వాటికి నచ్చుతోంది. నేల మీద ఉండే జాతులకు లోతుగా మట్టి, మట్టి నుంచి మూత దాకా ఎత్తు కాళ్ల వెడల్పుకి ఒకటిన్నర రెట్లు మించకుండా. అంతకంటే ఎత్తు నుంచి పడితే పొట్ట పగిలిపోయే ప్రమాదం ఉంది. ఎప్పుడూ నీళ్ల గిన్నె, అందులో స్పాంజి వద్దు. మనకు హాయిగా ఉండే గది వేడే వీటికీ సరిపోతుంది. తినకుండా మిగిలిన పురుగుని మర్నాటికి తీసేస్తాను.

ఐదుకి నాలుగు స్టార్లు, ఒకటి స్టాండ్ వల్ల తగ్గించాను. నా జీబీబీ తిండి మానేసి పది రోజులైంది, పొట్ట ముదురు రంగుకి మారింది, అంటే కుబుసం దగ్గరపడినట్టే. ఈసారి కుబుసంలో తేలితే ఆ ఫొటో కూడా ఇక్కడే జోడిస్తాను.