అప్పుడప్పుడూ అలిగే ల్యాన్ పోర్టు

కావలిలో మాది జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. నెల్లూరులో కొన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ మీదే ఏళ్లుగా నడుస్తోంది. ఆఫీసుల్లో వాడి తీసేసిన సన్న బాక్సు, ఇంటెల్ నాలుగో తరం ఐ5 ప్రాసెసర్. వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్కు వేయించాక పరుగెత్తింది. రిపేరే రాదని చెప్పి, ఎవరడిగినా కళ్లు మూసుకుని కొనమనేవాణ్ని. ఇప్పుడు కళ్లు తెరిచి కొనమంటున్నాను. కారణం దాని వెనకున్న ల్యాన్ పోర్టు, అంటే నెట్ కేబుల్ గుచ్చే చోటు.

ఒక రాత్రి ఉరుములు, మెరుపులతో వాన కొట్టింది. పొద్దున షాపు తెరిచి సిస్టమ్ ఆన్ చేస్తే నెట్ లేదు. బయటేమో ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాల్సిన పిల్లలు, పక్కన వాళ్ల నాన్నలు. ఫైబర్ అబ్బాయికి ఫోన్ చేస్తే "మోడెంలో ఎర్ర లైటు వెలగట్లేదు కదన్నా, అయితే మా వైపు ఏం లేదు" అన్నాడు. నిజమే, అదే వైఫైలో ఫోన్లకు నెట్ వస్తోంది. కేబుల్ మార్చాను, మోడెంలో పోర్టు మార్చాను. సిస్టమ్ వెనక పోర్టు దగ్గర లైట్లు మాత్రం వెలగలేదు.

సిస్టమ్‌లో ఏమేం ఉన్నాయో విండోస్ చూపించే డివైస్ మేనేజర్‌లో చూస్తే, నెట్‌వర్క్ అడాప్టర్ల కింద ల్యాన్ చిప్పు పేరే లేదు. పసుపు గుర్తుతో ఉంటే డ్రైవర్ గొడవ అనుకోవచ్చు. పేరే లేదంటే ఆ చిప్పు విండోస్ కంటికి ఆనలేదు, ఇక డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా దండగే. రీస్టార్ట్ చేసినా అంతే. "ఏందన్నా, ఈరోజన్నా అవుద్దా?" అని ఒకాయన అడిగేసరికి టెన్షన్ తట్టుకోలేక ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి, ఫోన్ నెట్‌ను సిస్టమ్‌కి ఇచ్చే టెథరింగ్ ఆన్ చేశాను. వెంటనే నెట్ వచ్చింది. ఆ పూట గడిచింది.

మధ్యాహ్నం వచ్చిన మెకానిక్ మూత కూడా విప్పకుండా "పిడుక్కి మదర్‌బోర్డు పోయిందన్నా" అనేశాడు. ఈ సన్న బాక్సుల్లో మామూలు బోర్డు పట్టదు, అదే మోడల్‌ది వెతకాలి. ఆయన చెప్పిన రేటుకి ఇంకాస్త వేస్తే ఇంకో సిస్టమే వస్తుంది.

రాత్రి షట్టర్ దించాక విండోస్ బదులు వాడే లినక్స్ మింట్‌ను పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి, టెర్మినల్‌లో లోపలి చిప్పుల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ కొట్టాను. మిగతావన్నీ కనిపించాయి, ల్యాన్ చిప్పు లేదు. సిస్టమ్ ఆన్ కాగానే వచ్చే బయోస్ సెట్టింగుల్లో మాత్రం ల్యాన్ ఆన్‌లోనే ఉంది. అంటే విండోస్ తప్పేం లేదు. ఇక ఆఖరి ప్రయత్నంగా వెనక పవర్ కేబుల్ పూర్తిగా పీకేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని, మళ్లీ పెట్టాను. పచ్చ లైటు, నారింజ లైటు రెండూ వెలిగాయి!

షట్‌డౌన్ చేసినంత మాత్రాన డెస్క్‌టాప్ పూర్తిగా ఆగదు. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు లోపలి పవర్ సప్లై, అదే ఎస్‌ఎంపీఎస్, కొంచెం స్టాండ్‌బై కరెంటు ఇస్తూనే ఉంటుంది, మామూలు సిస్టమ్‌లలో 5 వోల్టులు. దూరం నుంచి సిస్టమ్‌ను లేపే వేక్ ఆన్ ల్యాన్ సదుపాయం కోసం అది ల్యాన్ చిప్పుకూ అందుతుంది. వోల్టేజీ ఎగుడుదిగుడుకు చిప్పు ఒకసారి బిగుసుకుపోయిందంటే రీస్టార్ట్‌తో కదలదు. మాకు ఇన్వర్టర్ ఉంది కాబట్టి లైను కరెంటు పోయినా దానికి కరెంటు తెగదు. ఇన్వర్టర్ లేని షాపులో ఉంటే కరెంటు పోయినప్పుడల్లా దానంతటదే బాగుపడేదేమో!

అంతటితో తీరిందా అంటే తీరలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మా వైపు వానలు, తుపాన్లు. ఆ రోజుల్లో మళ్లీ మళ్లీ చేసింది. బయోస్‌లో వేక్ ఆన్ ల్యాన్ తీసేశాను, విండోస్‌లో త్వరగా ఆన్ అవడానికి ఉండే ఫాస్ట్ స్టార్టప్ ఆపేశాను. తగ్గింది కానీ పోలేదు. చివరికి విడిగా ల్యాన్ కార్డు కొన్నాను. దాని ఇనప పట్టీ మామూలు క్యాబినెట్ ఎత్తుది, ఈ బాక్సులో దిగదు. పొట్టి పట్టీ కావలిలో దొరకలేదు, నెల్లూరు ట్రంకు రోడ్డులో అడిగినా లేదన్నారు. పట్టీ విప్పేసి కార్డు ఒక్కటే గుచ్చాను. కేబుల్ పీకేటప్పుడల్లా లోపల కార్డు ఊగుతుంది, ఒక చేత్తో పట్టుకోవాలి.

వేరే రిపేరే లేదని గతంలో చెప్పిన మాట కూడా కొంచెం సవరించుకోవాలి. సముద్రం గాలికో ఏమో, వానాకాలంలో ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దితే గానీ బీప్‌లు ఆగవు. ఒకసారి బయోస్ బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కి పోతే సైట్లేవీ తెరుచుకోలేదు. అదీ నెట్ పోయినట్టే కనిపించింది.

ఇంట్లో పిల్లల చదువుకైతే ఇలాంటిదే ఇంకోటి కొంటాను, ధరకు తగ్గ పని చేస్తుంది. షాపు కోసమైతే మాత్రం ఆలోచిస్తాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, నాలుగో తరానికి విండోస్ 11 అధికారికంగా రాదు. బ్రౌజింగ్ అంతా మింట్‌కి మార్చాను కానీ పాత ప్రింటర్ కోసం విండోస్ ఉంచక తప్పలేదు. నేను లేనప్పుడు షాపు చూసేది మా ఆవిడ. కేబుల్ పీకి పెట్టడం ఆమెకూ వచ్చు కాబట్టి మాకు నడుస్తోంది. మీ షాపులో పనివాళ్లు మారుతూ ఉంటే, కాస్త ఎక్కువైనా పెద్ద క్యాబినెట్‌తో అసెంబుల్డ్ తీసుకోవడమే నయమేమో.