పాత వెండి కాయిన్లు గ్రేడింగ్‌కి పంపడం: చిన్న గాట్లు నంబర్‌ని ఎంత కిందికి లాగుతాయి

అమెరికాలో ఉంటూ చాలా ఏళ్ళుగా పాత వెండి కాయిన్లు కొంటున్నాను, ఎక్కువగా మోర్గన్ డాలర్లు (అమెరికా పాత వెండి డాలర్లు), మనవైపు మీద మమకారంతో బ్రిటిష్ ఇండియా రూపాయిలు, వాటిల్లో బాగున్నాయనుకున్నవి గ్రేడింగ్‌కి పంపుతుంటాను, అంటే కాయిన్ అసలుదో కాదో చూసి, ఎంత బాగుంటే అంత పెద్ద నంబర్ ఇచ్చే కంపెనీలకి. కాబట్టి ఒక్క కాయిన్ పంపి మురిసిపోయి రాస్తున్న రివ్యూ కాదిది. తీర్పు ముందే చెప్పేస్తా. కాయిన్ అసలుదా నకిలీదా, ఎవరైనా తోమారా, ఎప్పుడో అతికిన కొక్కెం ఊడదీశారా, ఇవి తేల్చుకోడానికి గ్రేడింగ్ డబ్బుకి తగ్గ పనే. 63 వస్తుందా 64 వస్తుందా అనే ఆశతో పంపడం మాత్రం చాలాసార్లు దండగ. ఐదుకి మూడున్నర ఇస్తాను.

స్కేల్ 1 నుంచి 70 దాకా ఉంటుంది. విలియం షెల్డన్ అనే ఆయన 1949లో పాత అమెరికా పెద్ద సెంట్ల కోసం పెట్టిన లెక్క ఇది, తర్వాత అన్ని కాయిన్లకీ అదే వాడేస్తున్నారు. ఇప్పుడు పెద్ద కంపెనీలు రెండు, పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలయ్యాయి. 60, ఆ పైన వచ్చేవి ఎంఎస్ (మింట్ స్టేట్), అంటే వాడకంలో అరగనివి. అరగలేదు కదా అని గాట్లు కూడా ఉండవనుకుంటారు చాలామంది, అలా ఏం లేదు.

మోర్గన్‌నే తీసుకోండి, 1878 నుంచి 1904 దాకా, మళ్ళీ 1921లో కొట్టారు, ఒక్కోటి 26.73 గ్రాములు, 90 శాతం వెండి. వీటిని వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో పోసి ట్రెజరీ గదుల్లో పెట్టేవాళ్ళు, సంచి 26 కిలోల పైనే, దాన్ని ఎత్తడం, పడేయడం, లెక్కపెట్టి మళ్ళీ పోయడం, ఇంత జరిగాక ఒకదాని అంచు ఇంకోదాని మొహానికి తగలకుండా ఎలా ఉంటుంది చెప్పండి. ఎవరి జేబులోకీ వెళ్ళని డాలర్ మీద కూడా దెబ్బలుండేది అందుకే. అంచు పళ్ళు గుచ్చుకుంటే చిన్న చిన్న గాట్లు వరసగా పడతాయి, ఒకసారి గుర్తుపడితే ఇక ఎక్కడున్నా కనిపిస్తూనే ఉంటాయి.

ఇన్నేళ్ళలో నాకు బాగా ఎక్కిన విషయం ఏంటంటే గాట్లు ఎన్ని ఉన్నాయని కాదు, ఎక్కడున్నాయనేదే నంబర్‌ని తేలుస్తుంది. మోర్గన్ మీద లిబర్టీ అనే ఆవిడ బొమ్మ ఉంటుంది, ఆ బుగ్గ నున్నగా, ఖాళీగా ఉంటుంది, కాయిన్ చేతిలోకి తీసుకోగానే కన్ను అక్కడికే పోతుంది. ఆ బుగ్గ మీద ఒక్క లోతైన గాటు చాలు 65కి వెళ్ళాల్సింది 64 దగ్గర ఆగిపోడానికి. అదే గాటు జుట్టులోనో వెనకవైపు గద్ద ఈకల్లోనో పడితే వెతికితేగానీ దొరకదు, గ్రేడర్ కూడా పెద్దగా పట్టించుకోడు. మొహం ముందున్న ఖాళీ జాగా కూడా బుగ్గ లాంటిదే. బొమ్మ వైపుతో పోలిస్తే వెనకవైపుకి వాళ్ళు ఇచ్చే బరువు తక్కువ. అద్దంలా మెరిసే ప్రూఫ్‌లైక్ కాయిన్లయితే మరీ కష్టం, మామూలు కాయిన్ మీద కనపడని వెంట్రుకంత గీత కూడా వాటి మీద ధగధగా కనిపిస్తుంది.

గ్రేడర్లు చాలావరకు లూప్ (చిన్న భూతద్దం) లేకుండానే, మంచి బల్బు కింద కాయిన్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తారు, అనుమానం వస్తేనే లూప్ తీస్తారు. మనమేమో ఇంట్లో పదింతలు పెద్దగా చూపించే లూప్ పెట్టుకుని ప్రతి చుక్కకీ గుండె బాదుకుంటాం! నేనిప్పుడు ముందు ఉత్త కంటితో చూస్తున్నా, దీపం ఒక పక్కనుంచి పడేలా పెట్టి, మెరుపు చక్రంలా తిరిగేటప్పుడు ఎక్కడ తెగుతుందో చూస్తున్నా. తెగినచోట ఏదో ఒకటి ఉంటుంది, లూప్ అప్పుడు తీస్తా.

లూప్ కింద ముందు తేల్చుకోవాల్సింది ఆ గీత లోపలికి దిగిందా పైకి లేచిందా అని. పైకి లేచిన గీతలు అచ్చుని సానబట్టినప్పుడు వచ్చినవి, ఖాళీ జాగాలోనే ఉంటాయి, బొమ్మ దగ్గరకొచ్చి ఆగిపోతాయి, బొమ్మ మీదికెక్కవు, వాటికి మామూలుగా నంబర్ తగ్గించరు. అచ్చు పగుళ్ళు కూడా అంతే, సన్నగా ఉబ్బెత్తుగా ఉంటాయి. లోపలికి దిగినవి కాయిన్ పుట్టాక పడినవి, దెబ్బ వాటితోనే. న్యూ ఆర్లీన్స్‌లో కొట్టిన మోర్గన్లు కొన్నిటితో ఇంకో తంటా ఉంది, అచ్చు సరిగ్గా పడక చెవి పైన జుట్టు చదునుగా ఉండిపోతుంది, కొట్టకముందు ఉత్త బిళ్ళ మీదున్న చిన్న గుంటలు అక్కడ అలాగే మిగిలిపోతాయి, చూస్తే సంచిలో తగిలిన గాట్లే అనుకుంటాం. వాటికీ వీటికీ తేడా కనిపెట్టడం ఫొటోల్లో దాదాపు కుదరదు, చేత్తో పట్టుకుని చూడాల్సిందే.

రూపాయిల దగ్గరికొస్తే కథ మారిపోతుంది. విక్టోరియా రూపాయి 11.66 గ్రాములు, 91.7 శాతం వెండి, అది సంచుల్లో కన్నా ఆడవాళ్ళ మెడల్లో ఎక్కువ బతికింది. లంబాడీల నగల్లో ఇప్పటికీ రూపాయి బిళ్ళలు చూస్తాం కదా. అలా అతికిన కొక్కేన్ని తర్వాత ఎవరో ఊడదీసి, అంచు అరగదీసి, కాయిన్‌ని డీలర్ టేబుల్ మీద పెడతారు. రాణి బొమ్మ ఎంత అందంగా ఉన్నా సరే, పైన పన్నెండు గంటల చోట అంచు చూడండి, పళ్ళు చదునైపోయినా, వెండి రంగు అక్కడ ఒక్కచోటే వేరుగా ఉన్నా గ్రేడింగ్ కంపెనీ మౌంట్ రిమూవ్డ్ అని రాసి నంబర్ లేకుండా డీటెయిల్స్ అని పంపిస్తుంది. తోమినవాటి గతీ అంతే. చింతపండు పెట్టి, ముగ్గుపిండి పెట్టి, ఈమధ్య టూత్‌పేస్ట్ పెట్టి తళతళలాడించిన రూపాయిలు అమ్మేవాళ్ళకి ముద్దు, గ్రేడర్‌కి కాదు. తుడిచిన గీతలు గుంపుగా ఒకే వైపుకి సాగుతుంటాయి, అక్షరాల పక్కన మూలల్లో మాత్రం గుడ్డ దూరక పాత రంగు అలాగే ఉంటుంది, అంత తేడా ఉంటే లూప్ కూడా అక్కర్లేదు. పాత రూపాయిల మీద షరాబులు వెండి పరీక్షకని కొట్టిన చిన్న ముద్రలు కూడా కనిపిస్తాయి, నాకైతే అవంటే ఇష్టం, కానీ గ్రేడింగ్‌లో వాటిని కూడా దెబ్బ కిందే కడతారు, ఆ కాయిన్లు నేను పంపను, అలాగే ఉంచుకుంటా.

1911 ఐదో జార్జ్ రాజు రూపాయి ఒకటి వేరు. రాజు బట్టల మీది ఏనుగు పందిలా ఉందని గొడవైతే 1912లో బొమ్మ మార్చేశారు, ఆ ఒక్క ఏడాది రూపాయి కాబట్టి డీటెయిల్స్ వచ్చినా కొనేవాళ్ళుంటారు.

ఇండియాలో ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణేలు పురావస్తువుల కిందకొస్తాయి, వాటిని కేంద్ర ప్రభుత్వం, అది అనుమతించిన సంస్థలు తప్ప ఎవరూ దేశం దాటించకూడదు, గ్రేడింగ్ కోసమని పోస్టులో పడేయడం కుదరదు. నా రూపాయిలన్నీ ఇక్కడ అమెరికాలో కాయిన్ షోల్లో, ఇక్కడి డీలర్ల దగ్గర కొన్నవే.

నచ్చని విషయం ఒకటే పెద్దది, నంబర్ ఎందుకు తగ్గిందో చెప్పరు. డీటెయిల్స్ అయితే కారణం రాస్తారు, 63 వస్తే ఏ గాటు వల్లో మనమే ఊహించుకోవాలి. అదే కాయిన్ స్లాబ్ (కంపెనీ కాయిన్‌ని మూసి పంపే ప్లాస్టిక్ డబ్బా) పగలగొట్టి మళ్ళీ పంపితే ఒక నంబర్ అటో ఇటో రావడం ఈ హాబీలో అందరికీ తెలిసిందే, చూసేది మనుషులు కదా, తప్పని నేననను, కానీ అమ్మకంలో ఆ ఒక్క నంబర్‌కి వందల డాలర్ల తేడా ఉండే కాయిన్లున్నాయి మరి. ఇంకోటి, అరుగుదల కాస్త తగిలి ఏయూ 58 (ఎంఎస్‌కి ఒక్క మెట్టు కింద) వచ్చిన కాయిన్ చాలాసార్లు గాట్ల మయమైన ఎంఎస్ 61 కన్నా చూడ్డానికి బాగుంటుంది, ధర కూడా తక్కువ, నా ఆల్బంలో ఎక్కువ ఉన్నవి అవే.

ఆల్బం అంటే గుర్తొచ్చింది, పాత రకం ఆల్బంలలో ప్లాస్టిక్ పట్టీ లాగి పెట్టేవి ఉంటాయి, ఆ పట్టీ బుగ్గ మీద రాసుకుని అడ్డంగా గీతలు పడతాయి. స్టేపుల్ కొట్టే అట్ట హోల్డర్లలోంచి కాయిన్ తీసేటప్పుడు పిన్నులు ముందు పీకేసి తీయండి. ఇక స్లాబ్ వచ్చాక ఆ ప్లాస్టిక్ మీద పడే గీతలు ఫొటోల్లో అచ్చం కాయిన్ మీద గీతల్లానే ఉంటాయి, కొనేముందు కొంచెం వంచి తీసిన ఇంకో ఫొటో అడగండి, గీత చోటు మారితే ప్లాస్టిక్‌దే. సర్టిఫికెట్ నంబర్ కంపెనీ సైట్‌లో కొట్టి అక్కడి ఫొటోతో పోల్చుకోవడం మానొద్దు, స్లాబులకీ నకిలీలొస్తున్నాయి.