హెడర్ దొరకట్లేదంటే ఒక్కోటీ వెతుక్కోవాలా, బిల్డ్-డెప్ కొట్టేయాలా?

అమలాపురంలో మా తమ్ముడు ఉబుంటు లాప్‌టాప్‌లో సోర్సు నుంచి ఏదన్నా బిల్డ్ చేద్దామని కూర్చుంటే చాలు "జెడ్‌లిబ్ డాట్ హెచ్: నో సచ్ ఫైల్" అని ఆగిపోద్దండి, అంటే కంపైల్‌కి కావల్సిన హెడర్ ఫైలు (లైబ్రరీలో ఏమేం ఉన్నాయో కంపైలర్‌కి చెప్పేది) దొరకలేదని.

సుడో ఏపీటీ బిల్డ్-డెప్ అని ప్యాకేజీ పేరు కొడితే, ఉబుంటు వాళ్ళు దాన్ని బిల్డ్ చేయడానికి రాసుకున్న డిపెండెన్సీలన్నీ (దానికి కావల్సిన మిగతా ప్యాకేజీలు) ఒకేసారి దిగిపోతాయి. కాకపోతే ఏపీటీ సోర్సెస్‌లో డెబ్-ఎస్ఆర్‌సీ (సోర్సు ప్యాకేజీల లైను) ఆన్ చేసుండాలి, డాక్యుమెంటేషన్ టూల్స్ కూడా వచ్చేస్తాయి కాబట్టి డేటా బాగా లాగేద్ది, భీమవరం రూములో వైఫై మీద పర్లేదు గానీ లంక ఊళ్ళో ఫోన్ హాట్‌స్పాట్ మీద అంటే కష్టం. పైగా అది ఉబుంటులో ఉన్న వెర్షన్ లెక్క, మీరు దింపిన కొత్త సోర్సు ఇంకోటి అడిగితే మళ్ళీ మొదటికే.

నాకైతే ఎర్రర్ చదివి ఒక్కోటీ వేసుకోవడమే ఇష్టవండి, ఎందుకంటే ఏది దేనికో తెలుస్తది. వంద లైన్లు చూసి కంగారు పడకుండా పైకెళ్ళి మొట్టమొదటి ఎర్రర్ పట్టుకోవాలి, కిందవి చాలావరకు దాని వల్ల వచ్చినవే, మేక్ జే8 తో (ఒకేసారి ఎనిమిది పనులు నడపడం) లైన్లు కలగాపులగం అయిపోతే జే1 పెట్టి మళ్ళీ నడపండి. ఏపీటీ-ఫైల్ అనే టూల్ వేసుకుని, అప్‌డేట్ చేసి, సెర్చ్‌లో హెడర్ పేరిస్తే ఏ ప్యాకేజీయో చెప్పేద్ది, దీనికి జెడ్‌లిబ్1జీ-డెవ్. "లైబ్రరీ ఆల్రెడీ ఉందన్నయ్యా" అంటాడు తమ్ముడు, ఉందిరా, కానీ ప్రోగ్రామ్ నడవడానికి కావల్సింది వేరు, కంపైల్‌కి హెడర్లుండే డెవ్ ప్యాకేజీ వేరు.

"అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అని వస్తే మాత్రం అది హెడర్ గొడవ కాదండి, కంపైలైన ముక్కల్ని (ఆబ్జెక్ట్ ఫైళ్ళు) లైబ్రరీలతో కలిపే లింకర్‌ది. లింక్ లైన్లో -ఎల్‌జెడ్ (జెడ్‌లిబ్‌ని కలపమని) ఉందా, ఆబ్జెక్ట్ ఫైళ్ళ తర్వాతే ఉందా చూసుకోండి.