లాగ్‌బుక్ లెక్కా, చేతి పనిపై పరిశీలనా?

శిక్షణలో ఉన్న సర్జన్ సామర్థ్యాన్ని అంచనా వేయడానికి ఎన్ని ఆపరేషన్లు చేశారో లెక్కించే లాగ్‌బుక్ ఒక మార్గమైతే, చేస్తున్నప్పుడు అనుభవజ్ఞులు పక్కన నిలబడి నిర్ణీత ప్రమాణాలతో మార్కులు వేయడం మరొకటి. లాగ్‌బుక్ నిర్వహణ తేలిక, ఖర్చు తక్కువ, ఎవరికి ఏ రకం కేసులు అందలేదో వెంటనే తెలుస్తుంది. అయితే యాభై హెర్నియా ఆపరేషన్లు నమోదైనంత మాత్రాన అవి ఎంత బాగా జరిగాయో ఆ పుస్తకం చెప్పదు.

రెండో పద్ధతిలో పేరొందినది 1990ల్లో టొరంటో విశ్వవిద్యాలయంలో రూపొందిన ఓశాట్స్ (OSATS, శస్త్రచికిత్స నైపుణ్యాన్ని నిర్ణీత ప్రమాణాలతో అంచనా వేసే పద్ధతి). కణజాలాన్ని సున్నితంగా పట్టుకోవడం, అనవసర కదలికలు లేకపోవడం, సహాయకులను వాడుకోవడం వంటి ఏడు అంశాలకు ఒకటి నుంచి ఐదు వరకు మార్కులుంటాయి. కుట్టు వేసేటప్పుడు సూది కణజాలంలోకి నిటారుగా దిగిందా, మణికట్టు సూది వంపును అనుసరించి తిరిగిందా, ఫోర్సెప్స్ (కణజాలాన్ని పట్టుకునే చిమటా) కణజాలం అంచును నలిపేసిందా అన్నవి దగ్గరుండి చూసినవారికే తెలుస్తాయి.

దీనికి సీనియర్ల సమయం కావాలి; మార్కులు వేసేవారిని బట్టి తేడాలూ వస్తాయి కాబట్టి ఒకరికంటే ఎక్కువమంది, పలు సందర్భాల్లో చూడాలి. పైగా ఆపరేషన్ ఎప్పుడు వద్దో నిర్ణయించే వివేకం (నా దృష్టిలో అదే అన్నింటికన్నా ముఖ్యం) రెండింటిలోనూ సరిగా కొలతకు అందదు. అయినా ఒంటరిగా కత్తి పట్టే అనుమతికి పరిశీలననే ఆధారం చేసుకోవాలని, లాగ్‌బుక్‌ను అనుభవంలోని లోటు చూపే పట్టికగానే ఉంచాలని నా గట్టి అభిప్రాయం.