సెవెన్-జిప్: పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఉన్నా చోటు చాలదట!

ఫైళ్ళను కుదించి ఒకే ఫైలుగా, అంటే ఆర్కైవ్‌గా, కట్టిపెట్టే ప్రోగ్రామ్ సెవెన్-జిప్. అది ఎంత బాగా కుదిస్తుందో మళ్ళీ చెప్పను. ఏళ్ళ తరబడి నా బ్యాకప్‌లన్నీ దానితోనే. చెప్పాల్సిందల్లా ఆప్షన్స్‌లో ఎవరూ తెరవని ఫోల్డర్స్ ట్యాబ్ గురించి.

పెన్‌డ్రైవ్‌లో దాదాపు 40 జీబీ ఫొటోల ఆర్కైవ్ ఉంది. దాన్లోకి ఇంకో చిన్న ఫోల్డర్ లాగి వదిలాను. కాసేపటికి డిస్కులో చోటు చాలదని ఎర్రర్. పెన్‌డ్రైవ్ సగానికి పైగా ఖాళీ! నిండింది సీ డ్రైవ్. దానికీ దీనికీ సంబంధమేంటని ఒకటే చిరాకు.

సంబంధం ఉంది. పాత ఆర్కైవ్‌కు ఏదైనా చేరిస్తే సెవెన్-జిప్ ఆ ఫైలును ముట్టుకోదు. పాత సరుకంతా కాపీ చేసుకుంటూ, కొత్తది కలిపి, తాత్కాలికంగా ఇంకో ఫైలు రాస్తుంది. అది పూర్తయ్యాకే పాతదాన్ని తీసేస్తుంది. మామూలు డ్రైవ్ అయితే ఆ ఫైలు ఆర్కైవ్ పక్కనే తయారవుతుంది. పెన్‌డ్రైవ్ లాంటి రిమూవబుల్ డ్రైవ్ అయితే, మనం సెట్టింగ్ మార్చనంతవరకు, మామూలుగా సీ డ్రైవ్‌లో ఉండే విండోస్ టెంప్ ఫోల్డర్‌లోకి పోతుంది. చేర్చేది 50 ఎంబీ అయినా 40 జీబీ చోటు చూపించాల్సిందే. పైగా జేపెగ్ ఫొటోలు ముందే కుదించినవి, ఆర్కైవ్‌లో పెట్టినా తగ్గేది అంతంతమాత్రమే.

సంతోషించాల్సిన విషయం ఒకటుంది. పని మధ్యలో ఆగినా పాత ఆర్కైవ్ చెక్కుచెదరలేదు. టెస్ట్ బటన్ నొక్కి చూశాను, ఒక్క ఎర్రర్ లేదు. ఆ చిరాకు సగం అక్కడే దిగిపోయింది.

ఆ తాత్కాలిక ఫైలు ఎక్కడ తయారవ్వాలో చెప్పేది ఫోల్డర్స్ ట్యాబే. దాన్లో 'స్పెసిఫైడ్' ఎంచుకుని డీ డ్రైవ్‌లో ఓ ఫోల్డర్ చూపించాను. రిమూవబుల్ డ్రైవ్‌లకు మాత్రమే అన్న టిక్కు అలాగే ఉంచాను. అప్పటినుంచి సీ డ్రైవ్ టెన్షన్ లేదు. అలాగని పనేమీ త్వరగా అవదు, డీలో తయారైనదంతా మళ్ళీ పెన్‌డ్రైవ్‌కు చేరాలి కదా. 'కరెంట్' పెడితే పెన్‌డ్రైవ్‌లోనే రాస్తుంది గానీ, చదవడం, రాయడం రెండూ దానిమీదే పడి నత్తనడక. పోనీ ముక్కలుగా విడగొడదామంటే, అలాంటి ఆర్కైవ్‌లో తర్వాత ఏమీ చేర్చనివ్వదు.

నాకు డీ డ్రైవ్‌లో ఖాళీ ఉంది కాబట్టి సరిపోయింది. ఉన్నది ఒక్క చిన్న ఎస్ఎస్‌డీ అయితే ఈ సెట్టింగ్‌తో ఒరిగేది తక్కువ. పాత ఆర్కైవ్‌ను కదపకుండా కొత్త ఫొటోలకు వేరే ఆర్కైవ్ చేసుకోవడమే నయం. నేనూ ఈమధ్య ఎక్కువగా అదే చేస్తున్నాను.