అరకు, వంజంగి, లంబసింగి అద్దె బండి మీద తిరిగొచ్చాక, సొంత బండి కొనాలా వద్దా

మోటార్‌సైకిల్ కొనాలా వద్దా అని చాలాకాలంగా ఊగిసలాడుతున్నా. స్కూటర్ ఎప్పటినుంచో నడుపుతున్నా, గేర్ బండి తర్వాత నేర్చుకుని లైసెన్సులో కూడా ఎక్కించుకున్నా, కానీ సొంతానికి తీసుకుంటానంటే మాత్రం ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. అందరూ కలిసే చోటు ఒకటే, ఏడాదికి ఒకటో రెండో ట్రిప్పులకి సొంత బండి ఎందుకే, అద్దెకి తీసుకుంటే సరిపోదా అని. సరే అదే చేసి చూద్దాం అనుకుని చెల్లిని వెనకాల ఎక్కించుకుని విశాఖలో బండి అద్దెకి తీసుకుని ఎస్.కోట, అనంతగిరి మీదుగా అరకు, అక్కణ్ణుంచి పాడేరు, వంజంగి, చింతపల్లి, లంబసింగి, నర్సీపట్నం దిగి మళ్ళీ హైవే ఎక్కి విశాఖ చేరాం. ఈ రూటే ఎందుకంటే హైవే, ఘాట్, పొగమంచు, పాడైన ఊరి రోడ్లు అన్నీ ఒకే ట్రిప్పులో వస్తాయి, బండి మనకి పడుతుందో లేదో తెలుసుకోడానికి ఇంతకంటే మంచి దారి దగ్గర్లో లేదు.

ముందు అద్దె సంగతి చెప్తా, ఎందుకంటే అక్కడే చాలామంది తొందరపడతారు. నిజంగా అద్దెకి తిప్పడానికి పర్మిట్ ఉన్న బండికి నంబర్ ప్లేట్ నలుపు మీద పసుపు అక్షరాలతో ఉంటుంది. తెల్ల ప్లేట్ బండి తెచ్చి నిలబెడితే అది ఎవరిదో సొంత బండి, దాన్ని అద్దెకి ఇవ్వకూడదు, రేపు ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర తగువు మనకే. మేం వెళ్ళిన మొదటి చోట తెల్ల ప్లేట్ బండే ఇచ్చి ఏం కాదు మేడమ్ అందరూ ఇలాగే తీసుకెళ్తారు అన్నారు, వద్దని వచ్చేశాం. రెండో చోట ప్లేట్ సరిగ్గానే ఉంది, పేపర్లు ఉన్నాయి, లైసెన్సులో గేర్ ఉన్న బండి నడపొచ్చని ఉందో లేదో కూడా చూశారు, అది నాకు నచ్చింది. స్కూటర్ లైసెన్సుతో బుల్లెట్ ఎక్కేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది చెల్లదు.

అయితే వాళ్ళిచ్చిన బండి వెనక టైరు చూస్తే గాడుల మధ్యలో చిన్న చిన్న దిమ్మలు ఉంటాయి కదా, టైరు అరిగి వాటితో సమానం అయితే మార్చెయ్యాలని గుర్తు, ఆ దిమ్మలూ టైరూ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. వేలుపెట్టి రాస్తే తేడానే తెలీట్లేదు. ఇంకో సీజన్ వస్తుందండి అన్నాడు అక్కడి కుర్రాడు. ఘాట్లో మంచుకి తడిసిన రోడ్డు మీద ఇద్దరం వెళ్ళే బండికి ఆ టైరు పనికిరాదు. అలా నిలబడి అడిగితే లోపలినుంచి ఇంకో బండి తెచ్చారు. అందుకే బండి తీసుకునే ముందు టైర్లు, రెండు బ్రేకులు, హారన్, లైట్లు, చైను, అన్నీ చూసుకుని చుట్టూ వీడియో తీసుకోండి, డిపాజిట్ వెనక్కి వచ్చేటప్పుడు ఆ వీడియోనే మాట్లాడుతుంది. హెల్మెట్లు మాత్రం వాళ్ళవి వద్దు, ఎవరెవరో వాడి లోపల స్పాంజి వదులైపోయి ఉంటాయి, తల ఊపితే హెల్మెట్ వేరేగా ఊగుతుంది. ఐఎస్ఐ మార్కు ఉన్నవి మావి మేం తీసుకెళ్ళాం, ఇద్దరికీ.

ఏ బండి అనేది ఇంకో పెద్ద విషయం. వాళ్ళు మొదట రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 చూపించారు, సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, బరువు 195 కిలోలు. నా ఎత్తుకి రెండు కాళ్ళూ మునివేళ్ళమీదే ఆనుతున్నాయి. హంటర్ 350 అయితే సీటు 790, బరువు 181 కిలోలు, కాగితం మీద పదిహేను మిల్లీమీటర్లంటే ఏముంది అనిపిస్తుంది కానీ ఎక్కి కూర్చుంటే పాదం ముందు సగం నేలమీద నిలబడింది, అంతే అదే తీసుకున్నాం. బండి పరిగెడుతున్నప్పుడు బరువు తెలీదు, ఆగేటప్పుడు, ఏటవాలులో తిప్పేటప్పుడు, పార్కింగ్ నుంచి వెనక్కి తోసేటప్పుడు తెలుస్తుంది. అందులోనూ వెనకాల మనిషి, బ్యాగు ఉన్నప్పుడు.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట వరకు మామూలే, ఊళ్ళు, ఆటోలు, స్పీడ్ బ్రేకర్లు. ఎస్.కోట దాటి కొండ మొదలయ్యాక మాత్రం నాకు ప్రాణం లేచొచ్చింది. మలుపులు ఒకదాని వెనక ఒకటి, చెట్ల నీడ, ఉన్నట్టుండి చల్లగాలి, కార్లో అద్దాలు దించినా ఇది రాదు. కానీ అదే మలుపుల్లో రోడ్డు అంచున సన్నకంకర పేరుకుని ఉంటుంది, బస్సులు మలుపు తిరగడానికి మన సైడులోకి వచ్చేస్తాయి. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలనేది రూలు, ఘాట్లో పాటించేవాళ్ళు తక్కువ, కాబట్టి ప్రతి మూల మలుపుకీ ముందే హారన్ కొట్టి, ఎడమ వైపునే ఉండి, గేరు ముందే తగ్గించుకుని వెళ్ళాలి. మలుపు మధ్యలో గేరు మార్చడం, గట్టిగా బ్రేకు పట్టడం వద్దు. శని ఆదివారాలు ఈ ఘాట్‌కి బండి మీద రావద్దని నా మాట, కార్లు, టూరిస్ట్ బస్సులు నిండిపోతాయి, కుదిరితే వారం మధ్యలో రండి.

బొర్రా గుహలు బాగుంటాయి, గోస్తనీ నీళ్ళు సున్నపురాయిని తొలిచి చేసిన ఆకారాలు, లోపల ఎత్తు చూస్తే మెడ నొప్పి పుడుతుంది. కానీ బండి మీద వెళ్ళేవాళ్ళకి ఒక ఇబ్బంది ఉంది, లగేజీ ఎక్కడ పెట్టాలి. కారైతే లోపల పడేసి తాళం వేస్తాం. మేం హెల్మెట్లు రెండూ, జాకెట్లు, బ్యాగు మోసుకుంటూ మెట్లు దిగలేక చివరికి ఒకరి తర్వాత ఒకరం వెళ్ళొచ్చాం, చెల్లి పైన కూర్చుంటే నేను, నేను కూర్చుంటే చెల్లి. కలిసి చూద్దామని వచ్చినవాళ్ళకి అది బాధే. రూముకి వెళ్ళి సామాను పడేసి వెనక్కి రావడం మేలు, లేదంటే బొర్రాకి రైల్లో రండి. ఆ కిరండూల్ లైను మీద అద్దాల పెట్టెతో ప్రయాణం, సొరంగాలు దాటుకుంటూ, దానికదే ఒక ట్రిప్పు. అరకు మాత్రమే చూడాలనుకుంటే రైలే నా ఓటు, బండి అక్కర్లేదు.

గాలికొండ దగ్గర ఆగి కాసేపు లోయ చూశాం, కాఫీ తోటల పక్కనుంచి దిగాం, సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకించి ఉంటాయి, ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంటుంది రోడ్డుమీద. అందంగా ఉంటుంది కానీ ఆ ఎండా నీడల్లో గుంతలు కనపడవు, అది గుర్తుంచుకోండి. అరకు చుట్టూ వలిసె పూలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి, పసుపుగా. పద్మాపురం గార్డెన్స్, గిరిజన మ్యూజియం పిల్లలతో వచ్చేవాళ్ళకి బాగుంటాయి, మేం త్వరగానే చూసేశాం.

బస విషయంలో బండి మీద వెళ్ళేవాళ్ళు చూడాల్సింది రూము కంటే ముందు పార్కింగ్. అరకులో ఏపీ టూరిజం వాళ్ళ హరిత రిసార్టులో దిగాం, గదులు గొప్పగా ఏం ఉండవు, శుభ్రంగా ఉన్నాయి, అసలు విషయం ఏంటంటే గేటు ఉంది, లోపల సిమెంటు నేల ఉంది, వాచ్‌మన్ ఉన్నాడు. రాత్రి నిశ్చింతగా పడుకున్నాం. పాడేరు వైపు హోమ్‌స్టేలో దిగితే అక్కడ పెద్దాయన "మంచు పడతాదమ్మా, సీటు తడిసిపోద్ది, వరండాలో పెట్టేయ్" అని తనే ఒక చెయ్యి వేసి బండి పైకెక్కించారు, పొద్దున్నే వేడినీళ్ళు కట్టెల పొయ్యి మీద కాచి ఇచ్చారు. ఈ ట్రిప్పు మొత్తంలో నాకు బాగా నచ్చిన బస అదే. లంబసింగి దగ్గర టెంట్లలో మాత్రం ఇంకోసారి ఉండను. ఫోటోలో బాగుంటాయి, కానీ బండి పెట్టింది మెత్తటి మట్టినేల, సైడ్ స్టాండు రాత్రికి దిగిపోయి బండి ఒరిగిపోయే పరిస్థితి, కింద చదును రాయి పెట్టి నిలబెట్టాం. బాత్రూములు అందరికీ కలిపి, దూరంగా, లైటు లేదు. ఇద్దరు ఆడపిల్లలం కాబట్టి అది చిన్న విషయం కాదు. ఫోన్లో అడిగినప్పుడు అటాచ్డ్ అన్నారు, తీరా వెళ్తే ఇది.

వంజంగి గురించి అందరూ మబ్బుల సముద్రం అని చెప్తారు, నిజమే, చూడాల్సిందే. పాడేరు పక్కనే. కానీ అక్కడికి తెల్లవారకముందే చీకట్లో, మంచులో వెళ్ళాలి. పొగమంచులో హై బీమ్ వేస్తే వెలుగు మంచుకి తగిలి మన కళ్ళలోకే వస్తుంది, లో బీమే వెయ్యాలి. హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పట్టేస్తుంది, కాస్త ఎత్తుకుని నెమ్మదిగా పోవాల్సిందే. చెల్లి వెనకనుంచి "అక్కా రోడ్డు కనపడుతోందా నీకు" అని అడిగింది, కనపడుతోంది కానీ చాలా కొంచెమే అన్నాను, ఆ కొంచెంలో ఆపగలిగే స్పీడులోనే నడిపాను. కింద బండి పెట్టి పైకి నడవాలి, పైదాకా బండి ఎక్కించేస్తామని వెళ్ళేవాళ్ళని చూశాం, రాళ్ళూ బురదా ఉన్న ఆ దారిలో ఇద్దరెక్కిన రోడ్డు బండితో అది చెయ్యొద్దు.

ఏజెన్సీలో బంకులు అరకు, పాడేరు, చింతపల్లి లాంటి పెద్ద ఊళ్ళలోనే నమ్ముకోండి, సగం ట్యాంకు అయితే నింపేసుకోండి. మధ్యలో సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పంక్చర్ కిట్ మేం తీసుకెళ్ళాం, అవసరం పడలేదు.

అసలు పరీక్ష లంబసింగి నుంచి నర్సీపట్నం దిగేటప్పుడు జరిగింది. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, అక్కణ్ణుంచి ఏకధాటిగా దిగుడే. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు వేసుకునే కూర్చుంటే డిస్కు వేడెక్కి బ్రేకు పట్టు తగ్గిపోతుంది, అందుకే రెండో గేరో మూడో గేరో వేసి ఇంజిన్ పట్టుమీద దించాలి, బ్రేకు అవసరమైనప్పుడు పట్టి వదిలెయ్యాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా, అది నా బండి కాదు కాబట్టి క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో, ముందు బ్రేకు ఎంత నొక్కితే ఎంత ఆగుతుందో చేతికి ఇంకా పూర్తిగా అందలేదు. ఒక మలుపులో ఎదురుగా లారీ, పక్కన ఆవు, గేరు తగ్గించి ముందూ వెనకా బ్రేకులు కలిపి పట్టి ఆపాను, సాఫీగానే ఆగింది. కానీ ఆ క్షణంలో నేను చేతితో కాకుండా ఆలోచించి బ్రేకు వేశానని నాకు స్పష్టంగా తెలిసింది. బ్రేకు అనేది ఆలోచించి వెయ్యాల్సింది కాదు, అన్నం తినేటప్పుడు చెయ్యి నోటి దగ్గరకి ఎలా వెళ్తుందో అలా వెళ్ళాలి.

ఇక్కడే ఆ "అద్దెకి తీసుకుంటే చాలు" అనే సలహాతో నాకు పేచీ వస్తుంది. ఏడాదంతా స్కూటర్ మీద ఊళ్ళో తిరిగి, ఏడాదికోసారి తెలియని బండి ఎక్కి, వెనకాల మనిషిని ఎక్కించుకుని, అన్నిటికంటే కష్టమైన ఘాట్ రోడ్డుకి వెళ్ళడం అంటే అలవాటు అతి తక్కువ ఉన్న చేతుల్ని అతి కష్టమైన చోటుకి తీసుకెళ్ళడం. డబ్బు లెక్కలో అద్దె చవకే కావచ్చు, భద్రత లెక్కలో కాదు. నాకు కనపడే దారులు రెండే. రోజూ లేదా వారానికి కొన్నిసార్లైనా నిజంగా నడిపేటట్టయితే కొనుక్కోవాలి, లేదంటే కొండలకి రైల్లోనో కారులోనో వెళ్ళాలి. కొనేసి షెడ్డులో పెట్టడం కూడా దండగే, బ్యాటరీ దిగిపోతుంది, చైను తుప్పు పడుతుంది, చేతి అలవాటు ఎలాగూ రాదు. అద్దె బండి ఒక్క దానికి మాత్రం బాగా పనికొస్తుంది, కొనే ముందు ఆ బండితో కొన్ని రోజులు గడపడానికి, షోరూం వాళ్ళు ఇచ్చే కాసేపటి టెస్ట్ రైడ్‌లో తెలీనివి అప్పుడు తెలుస్తాయి.

నా వరకు నేను కొనడానికే నిర్ణయించుకున్నా, ఎందుకంటే ఆఫీసుకి రోజూ దాని మీదే వెళ్ళగలను, చైనుకి నూనె వెయ్యడం, గాలి చూసుకోవడం నాకు భారం అనిపించదు, ఇష్టం కూడా. కానీ 350 వద్దు. హైవే మీద అనకాపల్లి నుంచి విశాఖ దాకా అది హాయిగానే ఉంది, కానీ నా రోజుల్లో హైవే తక్కువ, ట్రాఫిక్ ఎక్కువ. 160 నుంచి 200 సీసీ మధ్యలో, 150 కిలోల లోపు బరువుండి, సీటు 800 మిల్లీమీటర్లు దాటకుండా, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉన్నది చూస్తున్నా. 125 సీసీ దాటిన కొత్త బండ్లకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి అది ఎలాగూ వస్తుంది, వెనక చక్రానికి కూడా ఉందా లేదా అన్నదే అడగాలి. కొత్త బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానిది, అయిదేళ్ళకి కలిపి కట్టించుకుంటారు, బండికి జరిగే నష్టానికి వేరే పాలసీ ఉంటుంది, షోరూం వాళ్ళు చెప్పిందే కాకుండా బయట కూడా అడిగి తీసుకోండి. హెల్మెట్, గ్లోవ్స్, చీలమండ దాకా కప్పే బూట్లు, ఇవి బండి బడ్జెట్లోనే కలుపుకున్నా, తర్వాత చూద్దాం అంటే ఎప్పటికీ కొనం.

చెల్లి అడిగింది ఒక్కటే, వెనక సీటు పొడవుగా, పట్టుకోడానికి గ్రాబ్ రైల్ ఉన్నదే తీసుకో అక్కా అని. టెస్ట్ రైడ్‌కి తనని కూడా తీసుకెళ్ళి, వెనక ఎక్కించుకునే నడుపుతా.