పాత మారుతి 800కి ఏసీ: ఆటోనగర్‌లో నా బిల్లు, నా తగాదా

ఏడాదిలో నాకు పని ఎక్కువగా ఉండేది ఎండలు మండే నెలల్లోనే. తెనాలిలో ఇంటి దగ్గరే పచ్చళ్లు పెట్టి అమ్ముతాను. ఆవకాయ, మాగాయ డబ్బాలన్నీ విజయవాడ కొరియర్ ఆఫీసుకి మోసేది నా 1998 మోడల్ మారుతి 800. స్టాండర్డ్ మోడల్, కార్బురేటర్ బండి, ఫ్యాక్టరీ నుంచే ఏసీ లేకుండా వచ్చింది. మే నెలలో దుగ్గిరాల దాటేసరికి చెంగు చుట్టుకుంటే తప్ప స్టీరింగ్ పట్టుకోలేం. దీన్ని అమ్మేసి ఇంకోటి కొనమని ఇంట్లో అందరూ పోరారు. కానీ ఇంజిన్ బాగుంది, బాడీకి తుప్పు లేదు, 2023లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయింది కాబట్టి 2028 దాకా కాగితాలకీ ఢోకా లేదు. ఆ తర్వాత సంగతి వేరు, 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజుని 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. సరే, అప్పటి బాధ అప్పుడు పడదాం అనుకుని విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో ఏసీ పెట్టించాను. షాపు పేరు రాయను. పని మెచ్చుకోవాల్సిందే గానీ డబ్బు దగ్గర గొడవైంది.

ఆటోనగర్‌లో ఒకే పనికి తలా ఒక లెక్క చెప్తారు. ఒకాయన డాష్‌బోర్డు కింద పెట్టె బిగించేస్తానన్నాడు. అంబాసిడర్లకి, ప్రీమియర్ పద్మినిలకి ఒకప్పుడు అలాగే పెట్టేవారు. 800లో ఆ పెట్టె పెడితే ముందు సీట్లో కూర్చున్న మనిషి మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనే చెప్పలేకపోయాడు. ఇంకొకాయన తుక్కుకి వచ్చిన ఏసీ 800 నుంచి మొత్తం సామాను పీకి 14 వేలకి పెట్టిస్తానన్నాడు. మూడో షాపులో అంతా కొత్తదే అయితే 38 వేలు అన్నారు. నేను ఖాయం చేసుకున్న షాపు మేస్త్రిగారు మాత్రం ధర చెప్పకుండా బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత తీసి చూసి, ఇంజిన్ స్టార్ట్ చేసి కాసేపు చెవి పెట్టి విన్నారు. ఆ తర్వాత ఒక మాట అన్నారు: "అమ్మా, గ్యాస్ తగిలేవి కొత్తవి పెడదాం. బోల్టు తగిలేవి పాతవైనా ఏం కాదు."

ఆ మాట నచ్చే ఆయనకి అడ్వాన్స్ ఇచ్చాను. అంటే కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) బిగించే బ్రాకెట్, క్రాంక్ పుల్లీ, కూలింగ్ కాయిల్ కూర్చునే ప్లాస్టిక్ పెట్టె, డాష్‌బోర్డు జాలీలు, స్విచ్చులు తుక్కు బండివి. కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలేది), కూలింగ్ కాయిల్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కాయిల్‌లోకి గ్యాస్‌ని కొంచెం కొంచెంగా వదిలేది), డ్రయర్, రబ్బరు పైపులు, జాయింట్లలో పెట్టే ఓ-రింగులు కొత్తవి. కంప్రెసర్ ఒక్కటి రీకండిషన్ చేసినది, ఆరు నెలల వారంటీతో. అన్నీ కలిపి 27,500 అన్నారు.

ఇందులో ఆయన లాభం ఎంత, జాగ్రత్త ఎంత అని నాకూ అనుమానం వచ్చి, పైపులు ఎందుకు కొత్తవే కావాలని అడిగాను. 1990ల కార్లలో ఏసీలకి ఆర్-12 గ్యాస్ వాడేవారట. ఓజోన్ పొరకి చేటు చేసే రకం అది, మన దేశంలో దాని తయారీ 2008 ఆగస్టులో ఆగిపోయింది. ఇప్పుడు పోసేది ఆర్-134ఏ. దీని అణువు చిన్నది, అప్పటి రబ్బరు పైపుల్లోంచి మెల్లగా బయటికి జారిపోతుంది. పైగా ఆర్-12తో తిరిగిన నూనె దీనితో కలవదు. తుక్కు బండి పైపులు, డ్రయర్ తెచ్చి కడిగి బిగించేస్తే ఈ ఎండాకాలం చల్లగానే ఉంటుంది, వచ్చే ఎండాకాలానికి మళ్లీ గ్యాస్ పోయించుకోవాలి. 14 వేలన్న ఆయన బేరంలో దాగి ఉన్నది ఇదే. డ్రయర్ సంగతి ఇంకా స్పష్టం. గ్యాసులో తేమని పీల్చేసే గింజలు ఉంటాయి దాంట్లో. మూత తీసి గాలికి వదిలేస్తే ఆ గింజలు గాలిలో తేమనే తాగేసి ఇక పనికిరావు. తుక్కు షాపులో నెలల తరబడి నోరు తెరుచుకుని పడున్న డ్రయర్ ఏం పీలుస్తుంది?

పని చూస్తానంటే ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఇది మంచి అలవాటు, చాలా షాపుల్లో కస్టమర్‌ని లోపలికి రానివ్వరు. 800లో బ్లోయర్ మోటారు ఎడమ పక్క, డాష్‌బోర్డు కింద ఉంటుంది. ఏసీ లేని నా బండిలో దానికీ మధ్యలో ఉన్న గాలి గొట్టాలకీ నడుమ ఉత్త గొట్టం ముక్క ఉంది. అది తీసేసి కూలింగ్ కాయిల్ పెట్టె పెట్టారు. అందుకే కొత్తగా ఎక్కడా కోయాల్సిన పని రాలేదు, ఇంజిన్ వైపు పైపులు వెళ్లడానికి రెండు చోట్ల తప్ప. ఆ రంధ్రాల అంచులకి ఫిట్టర్ కుర్రాడు రబ్బరు గ్రొమ్మెట్లు పెట్టి, పైపులు ఎక్కడా రేకుకి రాసుకోకుండా క్లిప్పులు కొట్టాడు. ఎగ్జాస్ట్ వైపు పోయే పైపుకి వేడి తగలకుండా తొడుగు వేశాడు. ఎవరూ చెప్పకుండానే చేశాడు ఇవన్నీ. ఇరవై ఏళ్ల వాడు కూడా ఉండడు. నేను "బాబూ, టీ తాగుతావా" అంటే "వాక్యూమ్ అయ్యాక, ఆంటీ" అన్నాడు.

ఆ వాక్యూమ్ దగ్గరే చాలా షాపులు చేతివాటం చూపిస్తాయని నా అభిప్రాయం. పైపులన్నీ బిగించాక ముందు నైట్రోజన్ ఎక్కించి జాయింట్ల మీద సబ్బు నురగ రాసి చూశారు. ఒక చోట బుడగ వచ్చింది, ఓ-రింగు మార్చారు. తర్వాత పంపు పెట్టి లోపలి గాలంతా లాగేశారు. అరగంట పైనే నడిపి, పంపు ఆపి, గేజ్ ముల్లు కదులుతుందా అని మళ్లీ అంతసేపూ చూశారు. గాలి పోవడం ఒక్కటే కాదు, ఆ సున్నా ఒత్తిడిలో లోపలి తేమ కూడా ఆవిరై బయటికొచ్చేస్తుంది. తేమ మిగిలితే వాల్వ్ దగ్గర మంచుగడ్డై అడ్డం పడుతుంది, నూనెతో కలిసి లోపలి లోహాన్ని తినేస్తుంది.

గ్యాస్ పోసే ముందు మాత్రం నేను నోరు తెరవాల్సి వచ్చింది. గేజ్ చూసి అంచనాకి పోస్తామన్నారు. నేను ఆవకాయని గ్రాముల లెక్కన తూచి అమ్మేదాన్ని, గ్యాసు అంచనాకి ఎలా పోయించుకుంటాను? సీలు ఉన్న డబ్బా తెప్పించి, తూకం మీద పెట్టి, బానెట్ కింద గ్యాస్ బరువు రాసిన స్టిక్కర్ ఉన్న ఇంకో ఏసీ 800 లెక్క చూసి పొయ్యమన్నాను. మేస్త్రిగారు నవ్వారు గానీ తూకం తెప్పించారు. గ్యాస్ ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లగా ఉంటుందని మా వాళ్లు చాలామంది నమ్ముతారు. సీలు డబ్బా ఎందుకంటే, చౌకరకం గ్యాసుల్లో వంటగ్యాసు లాంటివి కలిపినవి కూడా దొరుకుతాయి. అవి మండుతాయి. నా డిక్కీలో ఎప్పుడూ నూనె డబ్బాలుంటాయి.

రెండో మంచి పని రేడియేటర్. ఏసీ కండెన్సర్ రేడియేటర్ ముందు కూర్చుంటుంది, అంటే రేడియేటర్‌కి తగిలే గాలి అప్పటికే వేడెక్కి వస్తుంది. నాది సన్నది, ఏసీ బండికి వచ్చేది మందం ఎక్కువ. అది మార్చి, కండెన్సర్‌కి విడిగా ఫ్యాను పెట్టి, రిలే వేశారు. రేడియేటర్‌కి 3,200 అదనం. ఇది ముందే చెప్పారు కాబట్టి గొడవ లేదు.

ఇక గొడవ సంగతి. బండి తీసుకుని ప్రకాశం బ్యారేజీ మీద ట్రాఫిక్‌లో ఆగానో లేదో ఇంజిన్ వణకడం మొదలైంది. ఏసీ ఆపితే మామూలుగా ఉంటుంది, వేస్తే ఆగిపోయేలా ఉంది. 800 ఇంజిన్ 796 సీసీ, మూడు సిలిండర్లు, బలం 40 గుర్రాలకు కాస్త తక్కువే. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, కంప్రెసర్ భారం మీద పడితే తట్టుకోలేదు. అందుకే ఏసీ వేయగానే యాక్సిలరేటర్ కొంచెం తొక్కినట్టు కార్బురేటర్‌ని లాగే ఐడిల్-అప్ వాల్వ్ ఉండాలి. ఫ్యాక్టరీ ఏసీ బండికి వస్తుంది. నాకు పెట్టలేదు. వెనక్కి తీసుకెళ్తే మేస్త్రిగారు లేరు, ఓనరు గారు "అది కిట్‌లో రాదు మేడమ్, ఎక్స్‌ట్రా" అని 1,800 అడిగారు. ఏసీ పెట్టడమంటే సిగ్నల్ దగ్గర బండి ఆగిపోకుండా పెట్టడం కాదా అని అడిగాను. ఐడిల్ స్క్రూ తిప్పి పెంచేస్తానన్నారు. అలా చేస్తే ఏసీ లేనప్పుడూ ఇంజిన్ రొద పెడుతూ పెట్రోలు తాగుతుంది. చివరికి మేస్త్రిగారు వచ్చి, వాల్వ్ ఖరీదు మాత్రం తీసుకుని లేబర్ వదిలేయమని సర్దిచెప్పారు. 1,100 కట్టాను. ఎస్టిమేట్ కాగితం మీద "ఏసీ కిట్ ఫిట్టింగ్" అని ఒక్క ముక్క రాసి ఉంది. దాన్నిబట్టి ఎవరేమైనా వాదించవచ్చు. మీరు వెళితే కంప్రెసర్ నుంచి ఐడిల్-అప్ దాకా పేరుపేరునా రాయించుకోండి. పక్కా బిల్లు అడిగితే జీఎస్టీ వేరే అన్నారు, అది కూడా ముందు చెప్పలేదు. బేరం జరిగినప్పుడు లేని పన్ను కాగితం అడిగినప్పుడు పుట్టుకొస్తుంది.

ఇంకో చిన్న లోపం. మా పనమ్మాయి ముందు సీట్లో కూర్చుంటే కాళ్ల మీద నీళ్లు కారాయి. కూలింగ్ కాయిల్ మీద పట్టిన తేమ బయటికి పోయే గొట్టం లోపలే మడతపడింది. ఫిట్టర్ కుర్రాడు ఐదు నిమిషాల్లో సరిచేశాడు, డబ్బు అడగలేదు.

ఇప్పుడు ఎలా ఉందంటే, మే నెల మధ్యాహ్నం బయట 42 డిగ్రీలు ఉన్నప్పుడు, బండి నడుస్తుంటే జాలీ దగ్గర నా వంటింటి థర్మామీటరు 9, 10 చూపించింది. బెంజ్ సర్కిల్ దగ్గర ఆగి ఉంటే 15, 16కి ఎక్కుతుంది. ఎండలో నిలబెట్టిన బండి ఎక్కగానే చల్లబడదు, మొదట అద్దాలు దించి కొంచెం దూరం నడిపి, వేడిగాలి పోయాక ఏసీ వెయ్యాలి. వెనక సీటుకి చల్లదనం అంతంతే. ఏసీ లేని మోడల్ కదా, తలుపుల రబ్బర్లు గట్టిపడి సందులున్నాయి. వాటిని మార్పించాక వచ్చిన తేడా నేను అనుకున్నదానికంటే ఎక్కువ. నాలుగు తలుపులకీ ఈ రబ్బర్ల (బీడింగ్) ఖర్చు షాపు వాళ్లు చెప్పనే లేదు, బయట చేయించాను. వెళ్లి కూర్చున్న రోజునే ఇది చెప్పి ఉంటే ఆ షాపుకి నేను ఇంకా ఎక్కువ మార్కులు వేసేదాన్ని. నల్ల ఫిల్మ్ వేయిద్దామని పక్క షాపు కుర్రాళ్లు ఎగబడ్డారు, వద్దన్నాను. అద్దాలకి నల్ల ఫిల్మ్ వద్దని 2012లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచీ పోలీసులు ఆపితే ఆ గొడవ ఎవరు పడతారు?

పికప్ తగ్గింది, ఇది దాచడం ఎందుకు. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, డిక్కీ నిండా డబ్బాలుంటే, మూడో గేరులో ఏసీ ఆపి ఎక్కించి పైకి వచ్చాక మళ్లీ వేస్తాను. మైలేజీ ఇదివరకు 17 వచ్చేది, ఎండాకాలంలో ఏసీతో 14. వేడి ముల్లు మాత్రం సగం దాటలేదు, ఆ రేడియేటర్ పుణ్యమే.

ఎవరూ చెప్పని ఇబ్బంది ఒకటి నాకు తగిలింది. అద్దాలు మూసి ఏసీ వేశాక కారంతా ఆవకాయ వాసన. ఇదివరకు కిటికీలోంచి పోయేది. ఇప్పుడు లోపలి గాలే కాయిల్ చుట్టూ తిరుగుతూ, వెల్లుల్లి, ఆవపిండి ఘాటు మర్నాటి దాకా జాలీల్లో నిలిచిపోతుంది. డబ్బాలు ఉన్నప్పుడు బయటి గాలి వచ్చేలా లీవర్ తోస్తాను, చల్లదనం కొంచెం తగ్గినా ఫర్వాలేదు. ఖాళీగా వచ్చేటప్పుడు లోపలి గాలి.

మొత్తం ఖర్చు బీడింగ్ కాకుండా 31,800. అంత పెట్టి ఏసీ ఉన్న పాత 800 ఇంకోటే కొనవచ్చు కదా అని మా తమ్ముడు అన్నాడు. కొనవచ్చు, దాని ఇంజిన్ ఎలా ఉందో, గ్యాస్ ఎక్కడ కారుతోందో ఎవరికి తెలుసు? నా బండి నాకు తెలుసు. బాడీ తుప్పు పట్టినా, ఇంజిన్ పొగ వదులుతున్నా, లేక రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడినా ఈ పని పెట్టుకోవద్దు. ఇన్సూరెన్స్ కట్టేటప్పుడు, సొంత డ్యామేజీ కవర్ ఉన్నవాళ్లు, ఏసీని అదనపు ఎలక్ట్రికల్ యాక్సెసరీగా చూపించమని అడగండి, దాని విలువ మీద 4 శాతం ప్రీమియం పడుతుంది. నాది థర్డ్ పార్టీ మాత్రమే కాబట్టి ఆ ఖర్చు లేదు.

మళ్లీ ఆ షాపుకే వెళ్తానా అంటే, మేస్త్రిగారు, ఆ ఫిట్టర్ కుర్రాడు ఉన్నంతకాలం వెళ్తాను. ముందు ఫోన్ చేసి మేస్త్రిగారు ఉన్నారో లేదో కనుక్కుని వెళ్తాను. చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వెయ్యమని ఆయనే చెప్పారు. నూనె తిరగకపోతే కంప్రెసర్ సీలు ఎండిపోయి గ్యాస్ కారుతుందట. ఆదివారం పొద్దున కూరగాయల మార్కెట్‌కి వెళ్లేటప్పుడు వేస్తున్నాను, చలిగా ఉందని మా అత్తగారు శాలువా కప్పుకుంటున్నారు.